ముందు సీట్లో సెంటు

రిబ్కా మాట్లాడటానికి టెలిఫోను ఎందుకని పాల్వంచ పవర్ స్టేషన్లో అందరికీ అనుమానమే. నీళ్ల పరీక్షల ల్యాబులో ఆమె కెమిస్టు. అరకిలోమీటరు అవతలున్న కంట్రోల్ రూముకి ఆమె ఫోను చేస్తే, మాట కిటికీలోంచి ముందు చేరుతుందా, తీగలోంచి ముందు చేరుతుందా అని అటెండరు అంతోనయ్య పందేలు కాసేవాడు. రిబ్కా ముప్పైకి దగ్గరపడుతున్న మనిషి. చర్చిలో గొంతెత్తి పాడిందంటే వెనక బెంచీల్లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు. అలాంటి మనిషికి ఎనభై ఏడు ఎండాకాలంలో తమ్ముడు జకర్యా మస్కట్ నుంచి ఒక సెంటు సీసా పంపాడు.

గులాబీ రంగు సీసా. మల్లె, గులాబీ, ఇంకా పేరు తెలియని ఏదో తెల్ల పువ్వు కలిసిన వాసన. డబ్బాలో ఇంగ్లీషు కార్డొకటి ఉంటే, తల్లి విశ్రాంతమ్మకు తెలుగు చేసి చదివింది. ఈ సెంటు పూసుకునే ఆడమనిషి చాలా మెత్తనిదట. గొంతు పెంచదట. నవ్వితే పెదవులు మాత్రమే కదులుతాయట. నడిస్తే చప్పుడే ఉండదట.

"ఎవరికో పంపబోయి నీకు పంపిండేమో, మల్లోసారి చూడు బిడ్డా," అంది విశ్రాంతమ్మ.

రిబ్కా కడుపు పట్టుకుని నవ్వింది. పక్క క్వార్టరు వాళ్లు తలుపు తీసి చూశారు. అయినా వాసన మాత్రం బాగుంది కదా! మర్నాటి నుంచి మధ్యాహ్నం ఇంట్లో అన్నం తిని, మళ్లీ డ్యూటీకి పోయేముందు మెడకు రెండు చుక్కలు, కొంగుకు నాలుగు చుక్కలు పూసుకోవడం మొదలుపెట్టింది.

కంపెనీ బస్సు ఒంటిగంటన్నరకు ఆమెను గేటు దగ్గర దించి, ఖాళీగా కాలనీకి తిరిగెళ్లి, రెండు గంటల షిఫ్టు వాళ్లను ఎక్కించుకొస్తుంది. ముందు సీటు ఆడవాళ్లది. రెండో షిఫ్టులో ఆడవాళ్లుండరు కాబట్టి అప్పుడు ఆ సీటు ఎవరు ముందెక్కితే వాళ్లదే.

పది రోజులు గడిచాయి. ఆ మధ్యాహ్నం రిబ్కా కంట్రోల్ రూముకి ఫోను తిప్పింది. అవతల మోతీలాల్. పెనుబల్లి దగ్గరి తండా నుంచి వచ్చిన ఆపరేటరు. రెండేళ్లుగా ఫోనులో గొంతు వినడమే తప్ప ఆమె అతన్ని చూసింది లేదు. రోజూ ఎంత తిట్టినా ఒక్కసారీ ఫోను పెట్టెయ్యని మనిషి. ఆ ఓపికంటే రిబ్కాకి చెప్పలేనంత ఇష్టం. అన్నీ గట్టిగా చెప్పే మనిషి ఆ ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు.

"ఏందయ్యా మోతీలాల్! సిలికా ఎక్కువైంది, బాయిలర్ల నీళ్లు కొన్ని బయటికి వదులుమని ఎప్పుడు చెప్పిన? వదిలినవా?"

"ఇప్పుడే వదిలిన మేడం. జర మతి తప్పింది."

"ఏడికి పోయింది నీ మతి?"

"బస్సుల ముందు సీట్లకు పోయింది మేడం. మాకంటే ముందు ఎవరో ఆమె ఆ సీట్ల కూసుంటది. మంచి సెంటు వాసన. పది రోజుల సంది నేనే ఉరికి ఆ సీటు పడుతున్న. ఆమె ఎట్లుంటదో నాకు తెలిసిపోయింది. మెల్లగ మాట్లాడుతది. తల వంచుకొని నడుస్తది. మీరు నవ్వొద్దు మేడం."

రిబ్కా నవ్వలేదు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, ఒక్క మాటా అనకుండా ఫోను పెట్టేసింది.

ఒక నిమిషం గాల్లో తేలింది. కొలిచిన నీళ్లనే మూడుసార్లు కొలిచింది. అంతోనయ్యను పట్టుకుని గిరగిరా తిప్పుదామనుకుంది, ముసలాయన నడుం గుర్తొచ్చి మానుకుంది. రెండో నిమిషంలో స్టూలు మీద కూలబడింది. అతను మనసు పడ్డది ఆ కార్డులో మనిషి మీద. ఆ సీట్లో కూర్చునేది ఈ గొంతేనని తెలిస్తే ఆ ఆశ అక్కడికక్కడే చచ్చిపోతుంది. అయితే ఒకటే దారి. ఆ మెత్తని మనిషి తనే అయిపోవాలి!

మర్నాడు తల వంచుకుని నడిచి సైకిలు స్టాండుని గుద్దుకుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వబోతే ఎక్కిళ్లొచ్చాయి. ఫోను తీసి గుసగుసలాడింది.

"మోతీలాల్... నీళ్లు... కొంచెం..."

"హలో! ఎవరు? హలో!"

"నేనే... రిబ్కాని..."

"మేడమా? ఏమైంది మేడం మీకు?"

మూడు రోజులు అలాగే నెట్టుకొచ్చింది. అరవక అరవక గొంతు దురద పెట్టింది. అంతోనయ్య నుదురు ముట్టి చూశాడు. విశ్రాంతమ్మ ప్రార్థన పెట్టించింది.

నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి, చెమటలు కక్కుతూ ఒక పొడుగాటి మనిషి ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో హెల్మెట్టు, ఇంకో చేతిలో చిన్న సీసా.

"నేను మోతీలాల్ని మేడం. మీ గొంతు పోయిందని మా అమ్మ రూప్లితోని తేనెల మిరియాలు కలిపిచ్చి తెచ్చిన. పొద్దుమాపు చెంచెడు నాకుండ్రి."

"డ్యూటీ...?" గుసగుసలాడింది.

"పక్కాయన్ని కూసోబెట్టి ఉరికొచ్చిన. మూడు రోజుల సంది నాకు పని చేయబుద్ధయితలేదు మేడం. మీ కేక వినబడకపోతే కంట్రోల్ రూమంత సావుకొంప లెక్క ఉన్నది. జల్దీ మంచిగ కాండ్రి."

రిబ్కా స్టూలు మీంచి లేచింది. "మరి... బస్సుల ఆమె?"

"ఆమెనా?" మోతీలాల్ సిగ్గుపడ్డాడు. "ఆమె వాసనే కద మేడం. వాసన నన్ను ఒక్కనాడన్న తిట్టిందా? దానితోని ఎన్ని దినాలు మాట్లాడుకుంటం?"

సీసా అందించడానికి ఇంకో అడుగు ముందుకు వేశాడు. వేసి, ఆగిపోయాడు. ముక్కుపుటాలు కదిలాయి. ఆమె కొంగును చూశాడు, మొహం చూశాడు, మళ్లీ కొంగును చూశాడు.

"మేడం... మీరు మధ్యాహ్నం ఏ బస్సుల..."

తల ఊపి ఊరుకోవచ్చు. మెల్లగా చెప్పనూ వచ్చు. కానీ మూడు రోజులుగా లోపల పోగుపడ్డ గొంతు ఇక ఆగలేదు.

"అవ్! ఆ సీటు నాదే! రెండు వారాల సంది నువ్వు వాసన చూస్తున్నది నన్నేనయ్యా మోతీలాల్! నిన్ను ఎన్నడూ చూడకుంటనే నువ్వంటే నాకు పాణం!"

పంపుహౌసులో మనుషులు తలలు బయటికి పెట్టారు. అంతోనయ్య చేతిలో గాజు గ్లాసు కిందపడి పగిలింది. మోతీలాల్ మాత్రం కళ్లు మూసుకుని, దవాఖానాలో బతికి లేచినవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంకొకపాలి అనుండ్రి మేడం," అన్నాడు.

ఈసారి ఆమె ఇంకా గట్టిగా చెప్పింది.