మందుకు లొంగని పన్ను

తెల్లారేసరికి మా అమ్మాయి హేమ బుగ్గ పూరీలా పొంగిపోయింది. వాపు కంటి కిందికి పాకింది. ఇక కన్ను పోయినట్టే అనుకున్నాను. ఏం జరిగినా సరే, నాకు ముందు చెడే తోస్తుంది.

పుచ్చిపోయింది పై దవడ పన్ను. పై పన్ను జోలికి వెళ్తే చూపు దెబ్బతింటుందని మా ఇళ్లల్లో నమ్మకం. అందుకే డాక్టరుకి చూపించలేదు. మా ఆయన సత్యం కువైట్ నుంచి ఎవరు వస్తున్నా వాళ్లచేత సబ్బులూ, బామ్ సీసాలూ, వాటితోపాటు చీము పట్టకుండా వేసుకునే గొట్టం బిళ్లలూ పంపుతారు. పన్ను సలిపినప్పుడల్లా హేమకి ఒకటో రెండో వేసేవాళ్లం, తగ్గగానే మానేసేవాళ్లం. ఈసారి మాత్రం ఎన్ని మింగినా వాపు దిగలేదు.

"ఇంకోటి వెయ్యవే. కువైట్ సరుకు పనిచెయ్యకపోవడమేంటి?" అన్నారు మా అత్తగారు వీరాయమ్మ.

"సరుకు సంగతి తర్వాతండీ, ముందు పిల్ల మొహం చూడండి!" అని హేమని ఆటో ఎక్కించాను. ఆవిడా ఎక్కి కూర్చున్నారు.

అమలాపురంలో పళ్ల డాక్టరు రేవతి గారు నోరు తెరిపించి చూశారు.

"ఏం బిళ్లలు వేసేరండీ?"

సంచిలోంచి కువైట్ అట్టలు తీసి ఇచ్చాను.

"ఇలా అరకొరగా వేస్తే నోట్లో సూక్ష్మజీవుల్లో నీరసంగా ఉన్నవే చస్తాయమ్మా. తట్టుకున్నవి మిగిలిపోయి, అవే పెరుగుతాయి. ఇప్పుడు వాటికి ఈ మందంటే లెక్కలేదు."

"అయితే ఇంక ఏ మందూ పనిచెయ్యదాండీ?"

"అలాగని ఎవరన్నారు? చీము పరీక్షకి పంపుతాను, దేనికి చస్తాయో తెలుస్తుంది. అసలు పని మాత్రం మందుది కాదు. పన్ను తెరిచి చీము బయటికి తియ్యాలి. జ్వరం లేదు, కన్ను బాగానే తెరుస్తోంది. ఇవాళే చేసేద్దాం."

"కన్ను పోతే మీరిస్తారా?" అని అత్తగారు అడ్డొచ్చారు.

"పన్ను నరం వేరు, చూపు నరం వేరు మామ్మగారూ. ఇలా వదిలేస్తేనే కంటికి ముప్పు."

ఎవరి మాట వినాలో నాకు తోచలేదు. అంతలో హేమ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, భయమేస్తే నువ్వు బయట కూర్చో. నేను చేయించుకుంటాను."

"చెయ్యండి డాక్టరుగారూ," అన్నాను. బయటికి మాత్రం వెళ్లలేదు. కళ్లు మూసుకుని పిల్ల పాదాలు పట్టుకున్నాను.

మర్నాటికి వాపు సగం దిగింది. పరీక్ష ఫలితం వచ్చాక రేవతి గారు ఫోన్ చేశారు. కువైట్ మందుకి ఆ సూక్ష్మజీవులు లొంగవట. లొంగే మందులు వేరే ఉన్నాయట.

"కొనమంటారాండీ?"

"వాపు దిగిపోతోంది కదండీ, ఇప్పుడు ఏ మందూ అక్కర్లేదు. అయినదానికీ కానిదానికీ బిళ్లలు వెయ్యడం మానెయ్యండి, ఆ మొండివి కూడా మెల్లగా తగ్గొచ్చు. పన్నుకి మిగతా వైద్యం ఉంది, హేమని తీసుకురండి."

"ఆయ్, తెస్తానండీ."

అత్తగారికి మాత్రం నమ్మకం కుదరలేదు. హేమని అరుగు మీద కూర్చోబెట్టి, వాపు లేని వైపు కన్ను అరచేత్తో మూశారు.

"కాలవ అవతల చెట్టుకి కాయలు కనపడుతున్నాయా?"

"కాయలేంటి మామ్మా, నీ మీసాలు కూడా కనపడుతున్నాయి!"

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే, ఎందుకైనా మంచిదని, ఆ రెండో కంటితో కూడా చూడమన్నాను.