ఖర్జూరపు పాకం

ఆమె టైలరు. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల కొలతలు తీస్తూ బతికింది. చివరికి తన కొలతే కొలత అనుకునే స్థితికి వచ్చింది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది తనే కాబట్టి, వాడి కడుపు సంగతి తనకు తెలిసినంతగా కట్టుకున్నదానికి కూడా తెలియదని ఆమె గట్టి నమ్మకం.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. రెండేళ్ల కిందట కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, మిగతా రోజులు లిఫ్టు లేని మేడలో నాలుగో అంతస్తు గదిలో మంచం. “ఊరందర్నీ పైకి ఎక్కించాను గానీ, నా గడప నేనే ఎక్కలేకపోతున్నా చూడక్కా” అని నవ్వేవాడు.

మరదలు లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. ఇంట్లో తిండి దగ్గర రాయిలాంటి మనిషి. కూరముక్కల్ని నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండేది. పండ్లను గుమ్మం తొక్కనిచ్చేది కాదు. డాక్టరు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉండేది. అది చూసినప్పుడల్లా ఆడపడుచుకి ఒళ్లు మండేది.

“సారమంతా తూములో పోసి వాడికి పిప్పి పెడుతున్నావు.”

“నా సొంత తెలివి కాదు వదినా. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుందన్నారు.”

“పండు తిని చచ్చినవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదమ్మా!”

ఆ చలికాలం తమ్ముడు పుల్లలా చిక్కిపోయాడు. అన్నం చూస్తేనే మొహం తిప్పుకునేవాడు. అక్క ఫోన్లో ఏదో వీడియో చూసింది: చలికాలానికి పండ్ల సలాడ్, చక్కెర చుక్క లేదు, అంతా సహజం. చక్కెర లేకపోతే ఇక దోషమేముంటుంది అనుకుంది.

ఆదివారం మరదలు పనికి వెళ్లిందని తెలిసే బయల్దేరింది. ఖర్జూరాలు ముందురోజే నానబెట్టి, మెత్తగా రుబ్బి, కొత్త మల్లు గుడ్డలో వడకట్టి, సన్నసెగ మీద తీగపాకం వచ్చేదాకా కలియబెట్టి వెంట తెచ్చింది. తమ్ముడి గదిలోనే కమలా తొనలు పొర తీసి, దానిమ్మ వలిచి, అరటిపండు, ఆపిల్ కోసి, లేత పాలకూర చిదిమి వేసి, పైన ఆ నల్లటి పాకం పోసింది.

తమ్ముడు గిన్నె వంక చూసి, ఫ్రిజ్ మీది కాగితం వంక చూశాడు.

“రేపు డయాలసిస్ ఉందిగా, అదే కడిగేస్తుందిలే” అన్నాడు, తనకి తానే చెప్పుకున్నట్టు. “నీ మరదలితో అనకు.”

ఒక గిన్నె తిన్నాడు. ఇంకో గిన్నె అడిగాడు. అడుగున మిగిలిన పాకాన్ని వేలితో నాకుతుంటే అక్కకి కడుపు నిండింది.

అయిదింటికి మరదలి ఫోను. కాళ్లు చచ్చుబడ్డాయట, మాట తడబడుతోందట. పక్కింటివాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి నాలుగంతస్తులూ దింపారట.

అక్క ఆసుపత్రికి చేరేసరికి నర్సు మరదల్ని నిలబెట్టి గద్దిస్తోంది. “నిన్నట్నుంచి ఏం పెట్టావు? నిజం చెప్పు!” మరదలు వేళ్లు మడుస్తూ చెబుతోంది: పొద్దున ఇడ్లీలు రెండు, మధ్యాహ్నానికి ఉడికించిన బీరకాయ, పిడికెడు అన్నం, గ్లాసులో సగం నీళ్లు. “అబద్ధం. దీంతో పొటాషియం ఇంత పెరగదు” అంది నర్సు.

అక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గోడ గడియారంలో పెద్దముల్లు రెండు గీతలు దాటింది. మరదలు మళ్లీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు అక్క, “నేను పెట్టాను” అంది. కమలా, అరటి, దానిమ్మ, ఖర్జూరం... నర్సు లోపలికి పరుగెత్తింది.

ఇంజక్షన్లు ఇచ్చారు, మిషనుకి తగిలించారు. గుండె ఒకసారి ఆగి తిరిగి కొట్టుకుంది. రెండోసారి ఆగింది, ఇక కొట్టుకోలేదు. ఆ రెండు నిమిషాలు ముందు చెప్పి ఉంటే బతికేవాడా అని అక్క డాక్టర్ని అడిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

మరదలు వచ్చి బల్ల మీద అక్క పక్కనే కూర్చుంది.

“ఇష్టంగా తిన్నాడా?” అని అడిగింది.

“తిన్నాడు.”

“రెండేళ్లలో నా చేతి వంట ఒక్కటీ బాగుందనలేదు వదినా.”

మర్నాడు చుట్టాలు నాలుగంతస్తులూ ఎక్కి వచ్చారు. మేనమామ ఆయాసం తీరకముందే ఎత్తుకున్నాడు: “మనిషిని పస్తులు పెట్టి చంపేసింది. చూడండి, ఇంట్లో ఒక్క పండన్నా ఉందా?” మరదలు తలెత్తలేదు.

అక్క లేచి నిలబడింది. “మామయ్యా, దాన్ననకు. రెండేళ్లు బతికించింది అది. ఒక్కపూటలో చంపింది నేను.” ఏం చేసిందీ, ఎవరికి తెలియకుండా చేసిందీ, ఆసుపత్రిలో ఎంతసేపు నోరు మూసుకుందీ, అన్నీ చెప్పింది.

మరదలు లేచి ఆమె చెప్పులు తెచ్చి గుమ్మం బయట పెట్టింది. విసిరేయలేదు. తొడుక్కోవడానికి వీలుగా, జతగా పెట్టింది.

“ఇక రాకు వదినా” అంది.

అక్క గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగసాగింది.