పండిన గడ్డ, పండని గడ్డ

అప్పుడే పుట్టిన ఆడపిల్లను చేతుల్లోకి తీసుకుని ఏలియమ్మ సిస్టరు ముద్దుగా "నల్ల కుట్టి" అంది. మంచం మీది తల్లి ముఖం గోడవైపు తిప్పుకుంది.

వరండాలోకి వచ్చాక బాలవ్వ ఆగలేక అడిగింది. "పిల్ల గంత తెల్లగున్నది. నల్లది అంటిరేంది సిస్టరమ్మా?"

ఏలియమ్మ నాలుక కరుచుకుంది. "మా మలయాళంలో నల్ల అంటే మంచి. మంచి పిల్ల అన్నాను, బాలవ్వా."

ఏలియమ్మది తిరువాన్కూరు. సిద్దిపేట మిషను దవాఖానకు వచ్చి మూడేళ్ళయింది. బాలవ్వ అక్కడ నేల కడిగేది, కత్తులూ కత్తెరలూ నీళ్ళలో మరిగించేది, కాన్పుల్లో ఆడవాళ్ళ చేయి పట్టుకుని నిలబడేది. ముప్పై దాటాక మిషను వాళ్ళ దగ్గరే తెలుగు అక్షరాలు నేర్చుకుంది.

అది 1944 వేసవి. ఆ వారమే ఏలియమ్మకు ఉత్తరం వచ్చింది, తల్లి మంచాన పడిందని. నెల తిరక్కుండా బయల్దేరాలి. కొత్త నర్సు వానాకాలం పోయాకే వస్తుంది. డాక్టరమ్మ మెదక్ నుంచి పదిహేను రోజులకొకసారి వచ్చిపోతుంది. కంపౌండరు రాజనర్సుకు మందులు కలపడం వచ్చు గానీ, ఆడవాళ్ళు అతణ్ణి దగ్గరికి రానివ్వరు.

ఏలియమ్మ దగ్గర లావుపాటి నోటుపుస్తకం ఒకటి ఉండేది. ఏ జబ్బుకు ఏం చూడాలో, ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో అన్నీ అందులో రాసుకుంది. అన్నీ మలయాళంలోనే.

"గా పుస్తకం నాకిడ్సిపెట్టి పోన్రి," అంది బాలవ్వ.

"చదవలేవు కదా. తెలుగులో చెప్పి రాయించడానికి నాకు రోజులు లేవు."

"గట్లయితే మీ అక్షరాలే నేర్పున్రి."

రాజనర్సు నవ్వాడు. "తెలుగే కూడబలుక్కొని చదువుతవు. గీ వయసుల ఇంకో భాషనా?"

రోగులు వెళ్ళిపోయిన మధ్యాహ్నం బాలవ్వ పలక తెచ్చుకుని కూర్చుంది.

పన్నెండు రోజుల్లో అక్షరాలు పట్టుబడ్డాయి. చాలా మాటలు మన మాటలకు చుట్టాల్లాగే అనిపించాయి. విశేషణాల దగ్గరే చిక్కు వచ్చింది. ఒకే మాట మూడు నాలుగు రూపాల్లో కనబడుతోంది.

"నల్ల, వలియ, చెరియ. అంటే మంచి, పెద్ద, చిన్న," అని చెప్పింది ఏలియమ్మ. "ఇలాంటివి మాకు కొన్నే. మిగతావి చాలావరకు పనుల నుంచి పుడతాయి. కరుత్త అంటే నల్లబడిన. చువన్న అంటే ఎర్రబడిన. ముందు ఒక పని జరగాలి, అప్పుడే ఆ గుణం."

"మనం పండిన కాయ అన్నట్టేనా?"

"అంతే. పండినదైతే పళుత్త. పండుతున్నదైతే పళుక్కున్న. పండనిదైతే పళుక్కాత్త. చివర 'ఆత్త' వచ్చిందా, ఆ పని ఇంకా కాలేదని అర్థం."

"ఆడమనిషికి ఒకటి, మగమనిషికి ఒకటి ఉంటదా?"

"ఉండదు. పేరుకు ముందు నిలబడినప్పుడు అది మారదు. వేడి నీళ్ళంటే చూడుళ్ళ వెళ్ళం, వేడి ఉన్న నీళ్ళు. మెత్తనిదంటే మృదువాయ. మీరు మృదువైన అంటారే, అదే."

బాలవ్వ కత్తెరలు మరిగిస్తూ ఆ మాటలే వల్లించింది. పళుత్త, పళుక్కున్న, పళుక్కాత్త. ఏలియమ్మ బొగ్గుతో నడిచే బస్సు ఎక్కిన రోజు పుస్తకం ఆమె చేతిలో పెట్టింది.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. చింతమడక నుంచి దుర్గవ్వ అనే బాలింతను ఎడ్లబండిలో తెచ్చారు. రొమ్ము రాయిలా గట్టిపడి ఎర్రబడింది, ఒళ్ళు కాలిపోతోంది. వాగు పొంగి మెదక్ దారి తెగింది.

"గడ్డ కోస్తే తగ్గిపోతది. పుస్తకంల ఉన్నదా లేదా చూడు," అన్నాడు రాజనర్సు గుమ్మం బయటి నుంచి.

అత్త లచ్చవ్వ చేతులు జోడించింది. "జల్ది ఏదన్న చెయ్యి బిడ్డా. పోరి సచ్చిపోయేటట్టున్నది."

బాలవ్వ పుస్తకం తెరిచింది. కురు అన్న మాట కనబడింది. కురుపే. దాని పక్కన పళు అని మొదలయ్యే మాట ఉంది, ఆ కింద కోత గురించి ఉంది. కత్తి మరిగించడానికి లేచింది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఈసారి ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివింది. పళుక్కాత్త. పండని గడ్డను కోయరాదు. వేడి గుడ్డతో కాపడం పెట్టాలి, పాలు పిండెయ్యాలి. మృదువాయ, పళుత్త గడ్డనే కోయాలి.

వేలితో మెల్లగా నొక్కింది. ఎక్కడా మెత్తదనం లేదు.

"ఇప్పుడు కొయ్య."

"మనిషి పానం పోతే నువ్వే జవాబు చెప్పాలె," అన్నాడు రాజనర్సు.

"చెప్తా. నువ్వు జరంత నిప్పు రాజెయ్యి."

మూడు రోజులు బాలవ్వ ఇంటికి పోలేదు. గంటగంటకూ వేడి గుడ్డ మార్చింది. దుర్గవ్వ తిట్టింది, ఏడ్చింది, కోసెయ్యమని బతిమాలింది. లచ్చవ్వ కోడల్ని బండెక్కిస్తానంది. "ఇంకొక్క దినం ఆగు అవ్వా," అని ప్రతి పొద్దునా అదే మాట చెప్పింది బాలవ్వ. చెప్పి, మళ్ళీ గడ్డను వేలితో నొక్కి చూసేది.

నాలుగో రోజు పొద్దున వేలు నొక్కితే లోపల నీటిసంచిలా కదిలింది. కత్తి మరిగించి, పుస్తకంలో చూపినట్టు పాలు వచ్చే మొనకు దూరంగా చిన్న గాటు పెట్టింది. గిన్నెడు చీము పోయింది. సాయంత్రానికి జ్వరం దిగింది. దుర్గవ్వ పిల్లను అడిగి తెప్పించుకుని రెండో రొమ్ము పట్టించింది.

వాగు తగ్గాక వచ్చిన డాక్టరమ్మ మానుతున్న గాటును చాలాసేపు చూసింది.

"ఎవరు కోశారు?"

"నేనే అమ్మా."

"తొందరపడి మొదటిరోజే కోసుంటే విషం ఒళ్ళంతా పాకేది. ఎవరు చెప్పారు నీకు ఆగమని?"

బాలవ్వ పుస్తకం తెచ్చి ఆ పంక్తి చూపించింది. డాక్టరమ్మకు ఆ లిపి తెలియదు. కాసేపు పుస్తకాన్నీ బాలవ్వనూ మార్చి మార్చి చూసి, "ఇదంతా తెలుగులో రాయగలవా?" అంది.

"తప్పులు పోతయి. అయినా రాస్త."

దసరా తర్వాత కొత్త నర్సు వచ్చేసరికి తెలుగులో నలభై పుటలు పూర్తయ్యాయి. ఆమె వాటిని చదువుకుంటుంటే, పక్కనే బాలవ్వ నలభై ఒకటో పుట కోసం మలయాళం పుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టుకుని కూర్చుంది.