నవ్వింది పొయ్యి కాదు

నేను ఒక రాయిని. రాయి అనగానే కలం తీయకండి. అది ఆజ్ఞ కాదు, నా జాతి. ప్రస్తుతం మూడు ముక్కలుగా ఉన్నాను. ముక్కకో ముక్క చొప్పున తిట్టేంత కోపంగానూ ఉన్నాను.

పుట్టింది కొండమీద. వానలు దొర్లించాయి, గోదావరి నా కోణాలన్నీ అరగదీసి గుండ్రాయిని చేసింది. ఎన్నేళ్ళు నీళ్ళలో నానానో నాకే తెలియదు. పైకి నున్నగా కనిపిస్తాను గానీ, ఒళ్ళంతా కంటికి ఆనని సందులు. ఆ సందుల నిండా నీళ్ళు. రాయి నీళ్ళు తాగదని మనుషుల నమ్మకం. వాళ్ళు తాగేవి చూశాక వాళ్ళ నమ్మకాల గురించి మాట్లాడను.

కార్తీకమాసంలో భీమశంకరంగారు బంధువులందరినీ వనభోజనాలకు ఒడ్డుకు తోలుకొచ్చారు. గ్యాస్ బండ తప్ప వేరే బండ ఎరగని మనిషి. పొయ్యి పెట్టడానికి గట్టుమీద ఎండిన రాళ్ళు బోలెడున్నాయి. ఆయనకు ఆనలేదు.

"అవి మైల రాళ్ళండీ! ఎవడు తొక్కాడో ఏంటో. కార్తీకస్నానం చేసిన రాళ్ళే పెట్టాలండి," అంటూ మోకాలిలోతు నీళ్ళలోకి దిగి నన్నూ, నా తమ్ముళ్ళిద్దరినీ ఎత్తుకొచ్చారు. పసుపు రాశారు, బొట్టు పెట్టారు. బలిమేకకూ ఇంతే మర్యాద!

పైన పప్పు గుండిగ, కింద సరుగుడు కట్టెలు. ఆయన అక్క మాణిక్యాంబగారు ముఖం వంచి ఊదుగొట్టంతో ఊదుతున్నారు. నాలో నీళ్ళు ఆవిరవుతున్నాయి. ఆవిరికి చోటు చాలదు, బయటికి దారి లేదు. గిన్నె అయితే మూత ఎగిరి బతుకుతుంది. నాకు మూతేది? గిన్నె నేనే, మూతా నేనే. ఆమె కళ్ళు చూస్తే నాకు జానెడు దూరంలో ఉన్నాయి. తప్పుకో తల్లీ అని చెప్పడానికి చేతనైనంత గట్టిగా సుయ్యిమన్నాను.

"ఒరేయ్ శంకరం, పొయ్యి నవ్వుతోందిరా! ఎవరో చుట్టాలొస్తారు."

"ఇంకా చుట్టాలా? ఉన్నోళ్ళకే గారెలు చాలట్లేదే అక్కా!"

నవ్వట! నేను ఉడికిపోతుంటే నవ్వట! ఆ నవ్వు ముచ్చటగా చూద్దామని ఆమె ఇంకాస్త వంగారు.

ఢామ్మని పేలాను. పేలాలు పేలితే పిల్లలు ఏరుకు తింటారు. నేను పేలితే ఏరుకోవడానికి ఏం మిగులుతుంది? ఒక పెచ్చు మాణిక్యాంబగారి కనుబొమ్మ చీల్చింది. వేడి నుసి కంట్లో పడింది.

"నీళ్ళు! పొయ్యి! పొయ్యిరా!" అని కన్ను మూసుకుని అరిచారామె.

కంట్లో పొయ్యమని ఆమె గోల. తమ్ముడు భీమశంకరంగారికి వినపడింది పొయ్యి. బిందెడు నీళ్ళూ పొయ్యిలో కుమ్మరించారు! కణకణలాడే రాయిమీద చన్నీళ్ళు! నా పెద్దతమ్ముడు ఫెళ్ళున పగిలి ఆయన పిక్క చీరేశాడు.

"పొయ్యిలో కాదురా మొద్దూ, కంట్లో!"

రెండో బిందె సరైన చోటికి చేరింది. అందరూ చుట్టూ మూగారు. ఆమె మెల్లగా రెప్ప ఎత్తారు.

"కనిపిస్తోందా అక్కా?"

"ఇద్దరిలా కనిపిస్తున్నావురా. ఒక్కడితోనే వేగలేక చస్తున్నా!"

ఆ మాట అంటూనే ఆమె ఏడ్చారు. కారెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

మర్నాడు భీమశంకరంగారు కుంటుకుంటూ వచ్చారు. "అక్క కన్ను దక్కిందమ్మా. మసక మాత్రం ఇంకా పోలేదు. ఇకనైనా మామీద పగబట్టకు తల్లీ," అని నా ముక్కలకు దణ్ణం పెట్టారు. పగట! పగ కాదయ్యా, పగులు! నీళ్ళలో ఉన్నదాన్ని తెచ్చి నిప్పులో పెట్టింది నువ్వు, పగ నాదా?

శాంతి కోసం నాకు కొబ్బరికాయ కూడా తెచ్చారు. కొట్టేముందు చెవి దగ్గర పెట్టుకుని, కుదిపి కుదిపి విన్నారు.

నీళ్ళున్నాయా అని కాయను అడిగారు. రాయిని అడగలేదు.