లోపలి గడియ

తాగుడు మానలేని వాళ్ళ కోసం కడుతున్న ఇల్లది. మానితేనే రానిచ్చే ఇళ్ళు బోలెడున్నాయి. మానకపోయినా రమ్మనేది ఇదొక్కటే. ఆ ఒక్క మాట ఒప్పించడానికి ఇంజనీరమ్మ, ఇల్లు కట్టిస్తున్న కమిటీ ముందు గొంతు అరగదీసుకుంది. ఇంకా ఒప్పించాల్సినవాడు ఒకడు మిగిలాడు, తోడబుట్టిన అన్న. చలి ముదిరేలోగా అతన్ని బస్టాండు బెంచీ మీంచి లేపి ఇక్కడ పడుకోబెడితే చాలు. మానతాడన్న ఆశ ఆమెలో ఎప్పుడో ఇంకిపోయింది.

మధ్యాహ్నం, అన్న కాస్త నిలకడగా ఉండే వేళ చూసి, సిద్ధమైన గదికి తీసుకొచ్చింది. అద్దెకొచ్చిన ఆసామిలా గోడలు తట్టి చూశాడు.

"బాత్రూం తలుపు బయటికి తెరుచుకుంటోందేం? మీ వడ్రంగి కూడా మా బాపతేనా?"

"లోపల నువ్వు పడితే తలుపుకి నీ ఒళ్ళే అడ్డం. అప్పుడు మేం నెట్టలేం."

"అంటే పడతాననే కట్టావన్నమాట."

"పడవా?"

"పడతాననుకో." నవ్వాడు. "మంచం మూలలు కూడా గుండ్రంగా చెక్కించావు. నా బుర్ర మీద ఇంత ప్రేమా!"

గది తలుపు దగ్గరకొచ్చి చేత్తో తడిమాడు. "గడియేదే?"

"కమిటీ వద్దంది అన్నయ్యా. లోపల నీకేమైనా అయితే..."

"ఆస్పత్రిలో గడియ లేదు. మీ ఇంట్లో నా గదికి ఉన్నదాన్ని నువ్వే ఊడబీకించావు. ఇక్కడా ఎవడు పడితే వాడు తొంగిచూసి పోయేట్టయితే నాకు బెంచీయే నయం. అక్కడ నా బాగు కోరేవాడు ఒక్కడూ లేడు."

ఆమె రంగు డబ్బా మీద కూలబడింది. వాదించే ఓపిక లేదు. పక్క గదిలో కిటికీ బిగిస్తున్న వడ్రంగిని కేకేసింది.

"బాత్రూంలకి తెచ్చావే, బయట నుంచి స్క్రూడ్రైవరుతో తిప్పితే తెరుచుకునే గడియలు, ఒకటి ఈ తలుపుకి పెట్టు."

"కమిటీవాళ్ళు ఊరుకుంటారా అమ్మా?"

"తిడతారు. నాకది కొత్తా?"

వడ్రంగి బిగిస్తుంటే అన్నకి ఉన్నదున్నట్టు చెప్పింది. "లోపల వేసుకో. కానీ బయటి నుంచి తీయొచ్చు. ఇక్కడ కాపలా ఉండే వార్డెన్ పిలిచి పిలిచి, నువ్వు పలక్కపోతేనే తీస్తాడు."

"మరి నువ్వో?"

ఇన్నేళ్ళూ అతను పలకని ప్రతి తలుపూ ఆమే తోసింది. నేల చూపులు చూస్తూ అంది: "నేను తియ్యను."

"నువ్వా!"

"ఇంక నావల్ల కాదన్నయ్యా."

అన్న వేళాకోళం ఆపేశాడు. గదిలోకెళ్ళి తలుపు మూశాడు. గడియ పడింది. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆమె చెయ్యి తట్టడానికి తనంతట తానే లేచింది. దాన్ని దించి చంకలో బిగించుకుంది.

"తియ్యమంటారా?" వడ్రంగి స్క్రూడ్రైవరు చూపించాడు.

"వద్దు."

చాలాసేపటికి మంచం కిర్రుమంది.

"చెల్లీ, ఉన్నావా?"

"ఊఁ."

"దుప్పటి ఒకటి కావాలి. వార్డెన్‌తో పంపు. నువ్వు ఇంటికెళ్ళి పడుకో."

ఆమె కదిలింది. వార్డెన్‌కి దుప్పటి పురమాయించి, వరండా చివరి బల్లదాకా నడిచి, అక్కడే కూర్చుండిపోయింది.