ఏరు పుచ్చుకోని మూటలు

పాలబండలో ఎవరింట్లో చావు జరిగినా కృపాకుమారి పలకరింపుకు తప్పకుండా వచ్చేది. ఏడ్చేవాళ్లతో కలిసి ఏడ్చేది, పస్తున్నవాళ్ల చేత బతిమాలి మజ్జిగ తాగించేది. అంతవరకూ బాగానే ఉండేది. పోయేముందు గడపలో నిలబడి, "పెద్దాయన కాగితాలేమన్నా ఉంటే పారేయొద్దండమ్మా, నాకియ్యండి" అనేది. చాప కూడా ఎత్తకముందే ఈ అడుగుడేమిటని మొదట్లో ఊరు ముక్కున వేలేసుకుంది. తర్వాత నవ్వుకుంది. ఆ తర్వాత అలవాటు పడింది. వాన రాకపోవడానికే అలవాటు పడిన ఊరికి ఇదొక లెక్కలోది కాదు.

ఆమె పామిడిలో నైటీలు కుట్టే చోట పని చేస్తుంది. పొద్దున ఆటోలో పోయి పొద్దుగూకి వస్తుంది. కత్తిరింపుల్లో మిగిలిన పూలగుడ్డలు అడిగి తెచ్చుకుని, ఒక్కో ఇంటి కాగితాలను ఒక్కో రకం గుడ్డలో మూటగట్టి, మడతల మధ్య వేపాకు, వసకొమ్ము వేసి, చర్చి వెనక ఖాళీగా పడున్న గదిలో వరసగా పేర్చింది. గులాబీల మూట ఆంజినప్ప ఇంటిది. మామిడిపిందెల మూట బోయ ఓబుళేసు వాళ్లది. విప్పితే పెళ్లిపత్రికలు, బడి సర్టిఫికెట్లు, కరువు పనుల కార్డులు, శనక్కాయ విత్తనాల రసీదులు, అంచులు చెదలు తిన్న ఫొటోలు. కుర్రకారు ఆ గదికి 'నైటీల ఆఫీసు' అని పేరు పెట్టారు. పెట్టనీ. జీతం తీసుకుని కాగితాలు కాపాడే కచేరీలు దేశంలో బోలెడున్నాయి, వాటిలో ఎన్నింటిలో ఒక కూలివాడి కరువు కార్డుకు అంత మర్యాద దొరికిందో చెప్పమనండి.

ఈ పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. వాళ్ల నాయన బతుకంతా పరుల చేలల్లో కూలి చేశాడు. ఆయన పోయాక చూస్తే ఆయన పేరున్న కాగితం ఇంట్లో ఒక్కటీ దొరకలేదు. సమాధి రాయి మీద పుట్టిన సంవత్సరం చెక్కిద్దామంటే అది చెప్పేవాళ్లు లేరు. రాయి చెక్కేవాడు ఆ చోటు ఖాళీగా వదిలేశాడు. తన నాయనకు జరిగింది ఊళ్లో ఇంకెవరికీ జరగకూడదని ఆమె ఆనాడే అనుకుంది.

అయితే ఊళ్లో సగం ఇళ్లవాళ్లు ఆమెకు కాగితాలు ఇవ్వలేదు. అది పిసినారితనం కాదు, భక్తి. రాత అంటే సరస్వతి. రాతున్న కాగితాన్ని పొయ్యిలో పెట్టకూడదు, పెంటలో వేయకూడదు, కాలికి తగిలితే కళ్లకద్దుకోవాలి. మనిషి పోతే ఆ మనిషి కాగితాలు దినాల నాడు ఏటికి ఇచ్చేయాలి. తాతల నాటి నుంచి అదే పద్ధతి. కాకపోతే తాతల నాడు పెన్నలో నీళ్లుండేవి, ఇప్పుడు ఏళ్ల తరబడి ఏరు పారక ఇసుకే ఉంది. అందుకని పాలబండ వాళ్లు కాగితాలను యూరియా సంచిలో పెట్టి, మూతి బిగించి, ఇసుకలో గుంట తీసి పూడ్చి, పైన పసుపు చల్లి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. ఏటికి పోయిందంటే పోయిందే, దాన్ని మళ్లీ తలవకూడదు. "ఏటికిచ్చేసినాం" అన్న మాట వింటే కృపాకుమారి ఇంకో మాట అడగకుండా లేచి వచ్చేసేది.

తిప్పయ్య సంగతి వేరు. ఆయన శనక్కాయ రైతు. చదివింది ఐదో తరగతి. వయసులో ఉన్నప్పటి నుంచీ ఊరి సంగతులన్నీ రాసిపెట్టుకుంటూ వచ్చాడు. వాన ఎప్పుడు పడింది, పెన్న ఎప్పుడు పారింది, ఏ కరువులో ఎవరు ఇంటికి తాళమేసి బెంగళూరుకో కేరళకో పోయారు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు. రాయమని ఎవరూ చెప్పలేదు, రాసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. తన చేను నిలువునా ఎండిపోయిన ఏడాది కూడా మనిషి కూర్చుని, 'చేను ఎండింది' అని రాసి సంతకం పెట్టాడంటే ఆ గుండె ఎంత గట్టిదో! మంచాన పడ్డాక కృపాకుమారిని పిలిపించుకుని, "నా కాలం అయిపోతానే ఈ కట్ట నువ్వే తీసుకోమ్మా. వీటితోనే ఊరు ఊరని తెలిసేది" అన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చింది. ఆ సమయానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. తప్పంతా అక్కడే జరిగింది.

తిప్పయ్య కన్నుమూసిన దినాల్లో కృపాకుమారి గుత్తిలో ఉంది, ఆసుపత్రిలో చెల్లెలి పక్కన. ఊళ్లో ఆటో దిగీ దిగగానే, చేతిలో సంచి ఇంట్లో కూడా పెట్టకుండా నేరుగా తిప్పయ్య ఇంటికి పోయింది. కొడుకు ఓబిలేష్ పందిరి గుంజలు పీకుతున్నాడు. భార్య రామక్క వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదని ఊళ్లో అనుకుంటున్నారు.

కృపాకుమారి కాసేపు ఆమె పక్కన కూర్చుని కన్నీళ్లు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఓబిలేషూ, మీ నాయన రాసుకున్న కట్ట యాడుండాదప్పా? నన్ను తీసుకోమని చెప్పినాడు."

ఓబిలేష్ గుంజ వదిలేశాడు. "నాకు చెప్పలేదే అక్కా! నిన్ననే ఏటికిచ్చేసినామే. ఏ లోటూ లేకుండా చేసినాము."

అప్పుడే వీధిలో మైకు కట్టిన ఆటో వచ్చింది. ఎగువన వానలు బాగా పడినాయనీ, డ్యాం గేట్లు ఎత్తినారనీ, పొద్దుగూకే లోపల పెన్నకు నీళ్లొస్తాయనీ, ఎవరూ ఏట్లోకి దిగొద్దనీ అరుచుకుంటూ పోయింది. ఊరు ఒక్కసారిగా కేరింతలు కొట్టింది. ఆడవాళ్లు కొబ్బరికాయలకు అంగడి మీద పడ్డారు, మగవాళ్లు తువ్వాళ్లు తలకు చుట్టుకుని గట్టు దారి పట్టారు. పెన్న వస్తోందంటే పాలబండలో ఏడ్చిన మనిషి కృపాకుమారి ఒక్కతే.

"ఓబిలేషూ, ఇంకా టైముండాది. ఒక పార ఇయ్యి, నేనే తవ్వుకుంటా" అంది.

"ఏం మాటలక్కా అవి? సచ్చిన మనిషికిచ్చింది మళ్లీ ఎవురన్నా తీసుకుంటారా? మీ పద్ధతులు వేరు, మావి వేరు. నాకు నాయన ముఖ్యం."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. గుచ్చుకున్నా మింగింది. "మీ పద్ధతికి వంక పెట్టేదాన్ని కాదప్పా. అయితే మీ నాయనకు నేను మాటిచ్చినా. ఆ మాటను ఏం చేసుకోవల్ల నేను? రేపటినించి ఈ ఊళ్లో ఎవురెవురు ఎట్ల బతికినారో చెప్పేదానికి ఏముంటాది?"

ఓబిలేష్ ముఖం తిప్పుకుని మళ్లీ గుంజ పట్టుకున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. తండ్రికి చివరి పని సక్రమంగా చేశానన్న తృప్తి ఒక్కటే వాడికి మిగిలింది, దాన్ని కూడా ఇప్పుడు తవ్వి తీయమంటే ఎలా?

అప్పుడు రామక్క నోరు విప్పింది.

"ఒరే, ఆ కట్ట ఎవురికిచ్చినామురా మనం?"

"ఏటికి."

"ఏరు యాడుండాది?"

"వస్తాండాదంట కదమ్మా."

"వస్తాండాది. రాలేదు కదా? పుచ్చుకునేటోళ్లు రాకముందే ఇచ్చినట్ల ఎట్లయితాదిరా? పెండ్లికొడుకు పీటల మీదికి రాకముందే కన్యాదానం చేస్తారేమి? మనం తీసకపోయి వాకిట్లో పెట్టినాము, అంతే. నీళ్లు తాకేదాకా అవి నా మొగునివే. లెయ్, పార తీసుకో."

శాస్త్రులు కూర్చుని చర్చించినా ఇంతకంటే మంచి తీర్పు చెప్పలేరు. ఓబిలేష్ తల్లి ముఖంలోకి ఒక క్షణం చూసి, పార భుజాన వేసుకున్నాడు.

ముగ్గురూ ఏట్లో దిగాక తెలిసింది అసలు చిక్కు. వెనక్కి చూడకుండా వచ్చినవాడికి గుంట ఎక్కడో గుర్తు లేదు. పసుపు గాలికి పోయింది. ఎటు చూసినా ఒకటే ఇసుక. ఓబిలేష్ ఒకచోట తవ్వాడు, ఏమీ లేదు. ఇంకోచోట తవ్వితే సంచి తగిలింది, తీరా చూస్తే తమది కాదు, ఎప్పటిదో పాతది. కృపాకుమారి చేతులతోనే ఇసుక తోడుతోంది. గట్టు మీద కొబ్బరికాయలతో నిలబడ్డ జనం ఈ ముగ్గురినీ వింతగా చూశారు.

"ఏమప్పా, ఇచ్చింది తవ్వుతాండారేమి? కళ్లు పోతాయి!" అని ఎవరో అరిచారు.

రామక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని తన తీర్పు గట్టు మొత్తానికీ వినిపించింది. ఏరు రాలేదు కాబట్టి ఏరు పుచ్చుకోలేదు, పుచ్చుకోలేదు కాబట్టి ఇంకా మనవే.

అంగడి రామలింగయ్య భార్య పద్మావతమ్మ, ఎండ కన్నెరగని మనిషి, చేతిలోని కొబ్బరికాయను పక్కావిడకిచ్చి, "అట్లయితే మా మామవి కూడా ఈడే ఉండాయే!" అంటూ చీర ఎత్తిపట్టి ఇసుకలోకి దిగింది.

ఇక చూడాలి! మా అమ్మవి ఈ ముళ్లచెట్టు దిక్కు, మా అన్నవి ఆ బండ పక్కన అంటూ ఊరు ఊరంతా ఏట్లోకి దిగింది. పారలు, గడ్డపారలు, తట్టలు, ఏదీ దొరకనివాళ్లకు స్టీలు పళ్లాలు. పద్మావతమ్మ తీసిన గుంటను ఊరవతల పేట నుంచి వచ్చిన చెన్నప్ప లోతు చేశాడు. ఏనాడూ ఒకరి వాకిట్లో ఒకరు కూర్చోనివాళ్లు ఒకరి పెద్దల కోసం ఒకరు చెమటలు కార్చారు. కొన్ని సంచుల్లో కాగితం ముద్దయిపోయి మన్నుతో కలిసిపోయింది. కొన్నింటిలో నిన్న పెట్టినట్టే ఉంది. ఇన్నేళ్లుగా పోయిందని కృపాకుమారి ఏడ్చిన ఊరు సగం ఇసుక కిందే ఉంది. ఆమె ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పరుగెత్తుతూ, "దులపొద్దండి! ఈడ విప్పొద్దండి! గట్టు మీదికి తీసకపోండి!" అని గొంతు చించుకుంది. ఇన్నాళ్లూ గడప గడపకూ తిరిగి అడిగిన మనిషి, ఇప్పుడు పిలిచి ఇస్తుంటే పట్టుకోవడానికి చేతులు చాలలేదు.

"దొరికె!" అని ఓబిలేష్ కేక వేశాడు. సంచి మూతికి కట్టింది తండ్రి పాత కండువా పేలిక. వాడు దాన్ని ఎదకు హత్తుకుని, "నాయనా" అంటూ ఇసుకలో కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. దినాల్లో కూడా ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు. కృపాకుమారి వాడి తల మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమెకూ ఏడుపు ఆగలేదు.

ఎగువన నురగ కనిపించింది. ఎండు కంపను, ఆకులను, చెత్తను ముందుకు తోసుకుంటూ ఎర్రనీళ్లు వచ్చేశాయి. జనం సంచులతో గట్టెక్కారు. గట్టు నుంచి తిరిగి చూస్తే ఏట్లో ఒక మనిషి ఇంకా పళ్లెంతో ఇసుక తోడుతోంది. సుబ్బలక్ష్మమ్మ. ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలామె. ఒక్కగానొక్క కొడుకు ఆంజి బడికి పోయే వయసులోనే జ్వరంతో పోయాడు. వాడి బడి కాగితాన్ని ఆమె ఎప్పుడో ఆ చోటే పూడ్చింది.

కృపాకుమారి చేతిలోవి కింద పెట్టి ఉరికింది. నీళ్లు పాదాలను తాకుతుండగా ముసలామె రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. వాళ్లు గట్టెక్కిన కాసేపటికే తవ్విన గుంటలన్నీ నిండిపోయాయి. కొబ్బరికాయలు పగిలాయి, పసుపు కుంకుమలు నీళ్లలో పడ్డాయి, పిల్లలు ఈలలు వేశారు. రామక్క ఏటికి దండం పెట్టుకుని, ఇవ్వకుండా వెనక్కి తెచ్చుకున్నదానికి బదులుగా కొంగున ముడేసుకున్న చిల్లర విప్పి నీళ్లలో వదిలింది. అంత సంబరంలో సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే తడి కాళ్లతో నేల మీద కూర్చుని ఉంది.

"వానిది ఒకే కాగితం మేయ్ ఉండింది. అది కూడా పాయ" అంది.

కృపాకుమారి ముందు రాశి పోసినట్టు సంచులున్నాయి. ఆ క్షణాన ఆమెకు అవేవీ కంటికి ఆనలేదు. కొబ్బరికాయలు చుట్టుకొచ్చిన కాగితం ఒకటి తీసి మోకాలి మీద చదును చేసుకుంది. ఓబిలేష్ జేబులోని పెన్ను అడిగి తీసుకుంది.

"అవ్వా, అందులో ఏమేముండెనో చెప్పు, రాసుకుంటా."

"నాకు సదువొస్తాదేమి? అందులో ఏముండెనో నాకేం తెలుసు?"

"పోనీ, ఆంజి ఎట్లుండేటోడో చెప్పు."

ముసలామె నీళ్లకేసి చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"బడినుంచి వస్తానే అందరి పిల్లోళ్లు ఆకలి అంటారు కదా, వాడు అనేటోడు కాదు. కరువు కదా అప్పుడు. తలుపు కాడ నిలబడి, 'అమ్మా, నువ్వు తినినావా?' అని అడిగేటోడు." కాగితం వైపు వంగి చూసింది. "రాసినావా?"

"రాసినా అవ్వా."

"ఏదీ, సదువు."

కృపాకుమారి చదివింది. సుబ్బలక్ష్మమ్మ కళ్లు మూసుకుని, "ఇంకోసారి" అంది.