పూలాయన ముట్టుకోని మొక్క

పూలు కోయడానికి వచ్చినవాడు పూలు కోస్తే నాకేం అనుమానం ఉండదు. కోయకుండా లేచి వచ్చేస్తేనే అనుమానం.

ట్రాస్క్ ఆ వేసవంతా మా ఇంట్లోనే ఉన్నాడు. ఉత్తరపు మంచునేలలో ఉన్న మా ఊళ్లో ఖాళీ గది ఉన్నది మా ఇంట్లోనే మరి. కొండల అవతల రాగి గనికి రోడ్డు వేస్తామంటున్నవాళ్లు పంపిన మనిషి ఆయన. దారి పొడుగునా ఏయే మొక్కలున్నాయో చూసి చెప్పడం ఆయన పని. ఆ సంగతి ఆయన దాచలేదు. దాచి ఉంటే మొదటిరోజే పడవలోంచి నదిలోకి తోసేసేదాన్ని.

ఆ రోడ్డు సరిగ్గా మా దుంపల వాలు మీదుగా పోతుందట. మా అమ్మ నోరా, వాళ్లమ్మ, ఆవిడ అమ్మ, అందరూ మాసు అనే తియ్యటి దుంపలు తవ్వుకున్న చోటు అది. ఆ చోటుకి ఒక పేరుంది. మ్యాపులో లేదు. బయటివాళ్లకి చెప్పం. మీకూ చెప్పను, ఏమీ అనుకోకండి.

వచ్చిన సాయంత్రమే, కారిబూ దుప్పి మాంసం పులుసు తాగుతూ ఆయన ఒక బొమ్మ చూపించాడు. బొటనవేలంత మొక్క, బూరు ఆకులు, ఊదారంగు పూలు.

"ఇది లోకంలో ఎక్కడో రెండు మూడు చోట్ల తప్ప లేదు. దారిలో ఇది కనిపించిందంటే రోడ్డు పక్కకి తిరగాల్సిందే. చట్టం అలా ఉంది" అన్నాడు.

మా బావ క్లెమెంట్ ఊరుకుంటాడా? "అయితే గుప్పెడు విత్తనాలు పట్రావయ్యా, ఊరి చుట్టూ చల్లేద్దాం!" అన్నాడు. అందరం నవ్వాం. ట్రాస్క్ కూడా నవ్వాడు కానీ, ఆ నవ్వు గడ్డం దాటి పైకి రాలేదు.

పని మాత్రం రాక్షసుడిలా చేశాడు. వేరుతో సహా పెకలించడం, పాత పేపర్ల మధ్య పరచడం, రెండు చెక్కల మధ్య పెట్టి పటకాతో బిగించడం. ఆ కట్టలన్నీ మా పొయ్యి పైన ఆరేవి. నా మేజోళ్లు ఆరేసుకోవడానికి చోటు లేదు! మా మరుగుదొడ్డి వెనక గడ్డిని కూడా వదల్లేదు మహానుభావుడు. ఊరంతా ఆయన్ని పూలాయన అనడం మొదలుపెట్టింది. పడవ నాది, ఎలుగుబంట్ల కోసం తుపాకీ నాది, కాబట్టి ఎక్కడికెళ్లినా వెంట నేనే.

దుంపల వాలుకి మాత్రం ఆయన్ని తీసుకెళ్లకుండా ఎన్ని సాకులు చెప్పానో. నీళ్లు తక్కువగా ఉన్నాయన్నాను, ఇంజను దగ్గుతోందన్నాను. వేసవి చివర ఇక సాకులు అయిపోయాయి.

ఆ రోజు ఆయన వాలెక్కుతుంటే నేను తుపాకీతో వెనక నడుస్తున్నాను. దుంపల మొక్కలకి కాస్త పైన, రాళ్లనేల మీద, ఆయన ఠక్కున మోకాళ్ల మీద కూలబడ్డాడు. వంగి, ముక్కు నేలకి ఆనించినంత పని చేశాడు. నేనూ చూశాను. బూరు ఆకులు. పూలు రాలిపోయి చిన్న కాయలున్నాయి. గుత్తులు గుత్తులుగా ఉంది.

ఆయన లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు.

"ఇక్కడేం లేదు. పోదాం."

"మరి అదేంటి?"

"అదా... మామూలు రకమే."

"మీరు చూపించిన బొమ్మలా ఉందే?"

"నేనెందుకు అబద్ధం చెబుతాను?" అన్నాడు గబుక్కున. నేను అబద్ధమన్నానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. అప్పుడు చూశాను, వీపు మీద చెక్కల కట్టకి కట్టిన పటకా కట్టినట్టే ఉంది. మరుగుదొడ్డి గడ్డిని వదలని మనిషి, ఈ వాలు మీద ఒక్క ఆకు తుంచలేదు.

ఇంటికొచ్చి చెబితే క్లెమెంట్ నన్నే వెక్కిరించాడు. "ఏం మరదలా, ముట్టుకుంటాడేమోనని వేసవంతా ఏడ్చావు. ముట్టుకోలేదని ఇప్పుడు ఏడుస్తున్నావా?"

"నీ తలకాయ! ఆయన ఆ మొక్క తీసుకెళ్లకపోతే అక్కడ ఉందని ఎవడు నమ్ముతాడు? ఏమీ లేదని రాసిస్తాడు, వచ్చే ఏడు బుల్డోజర్ వస్తుంది."

"రెండు మొక్కలు పీకి మనమే పంపిద్దాం."

"మనం పంపితే విత్తనాలు చల్లామంటారు. నీ నోటి దురుసు ఆయన మర్చిపోయుంటాడా?"

ఎండుచేప చీలుస్తున్న అమ్మ తలెత్తలేదు. "రేపు నేనూ వస్తాను. ఎలుకలు ఈపాటికి దుంపలు దాచుకుని ఉంటాయి" అంది.

మర్నాడు ఆయన మా ఊళ్లో ఉండే ఆఖరి రోజు. రానన్నాడు, సామాను సర్దుకోవాలన్నాడు. అమ్మ చెయ్యి పట్టుకుని "ముసలిదాన్ని, గట్టెక్కించడానికి ఒక మనిషి కావాలి నాయనా" అంటే ఏం చేస్తాడు, వచ్చాడు.

వాలు మీద అమ్మ మడమతో నేల నొక్కుకుంటూ నడిచింది. మెత్తగా దిగబడిన చోట ఆగి, నాచు పొరను మూత తీసినట్టు ఎత్తింది. కింద ఎలుక దాచుకున్న మాసు దుంపలు, శుభ్రంగా కొరికి పేర్చి ఉన్నాయి. సగం తీసింది. సగం ఉంచింది. తీసిన చోట ఎండుచేప ముక్కలు పెట్టి, నాచు మళ్లీ కప్పింది. నాలుగు దుంపలు తుడిచి, సీసాలోని సీల్ కొవ్వు నూనెలో ముంచి ట్రాస్క్‌కి ఇచ్చింది. ఆయన తిన్నాడు. ఇంకో రెండడిగి మరీ తిన్నాడు.

"బాగున్నాయా?"

"చాలా తియ్యగా ఉన్నాయి పెద్దమ్మా."

"అయితే నువ్వేం పెడతావు?"

ఆయన జేబులు వెతుక్కుని ఒక బిస్కెట్ తీశాడు.

"ఎలుకకి నేను పెట్టేశాను. నువ్వు తిన్నది నా చేతిలోంచి. నాకు పెట్టు." వీపు మీది చెక్కల కట్టను వేలితో చూపించింది. "దాన్ని విప్పు."

ఆయన మొహం పాలిపోయింది. "నాకు వేరే బతుకు లేదు పెద్దమ్మా. ఈ మొక్క పట్టుకెళ్తే ఇంకెవరూ నన్ను పనికి పిలవరు."

నాకు ఒళ్లు మండిపోయింది. "అంటే అదే మొక్క! నిన్న నా మొహం మీదే అబద్ధమాడావు కదయ్యా!"

"నువ్వుండవే" అని అమ్మ నన్ను కసిరింది. ఆయన వైపు తిరిగింది. "శాపం గీపం ఏం లేదు నాయనా. ఊరికే తీసుకుపోతే చలికాలంలో ఆ ఎలుక చస్తుంది. అది చస్తే వచ్చే ఏడు నాకు దొరకదు. అంతే. నేను చెప్పేది ఇంతే."

ఆయన రాళ్లనేల వైపు నడిచాడు. పటకా విప్పిన చప్పుడు నాకు కింది దాకా వినిపించింది.

అయినా నేను నమ్మలేదు. నది పొడుగునా ఆ కట్ట మీంచి చూపు తిప్పితే ఒట్టు. ఎక్కడ నీళ్లలోకి జారవిడుస్తాడో అని, ఒక చేత్తో ఇంజను, కళ్లు మాత్రం ఆయన చేతుల మీద. రెండుసార్లు ఇసుకమేటలకి కొట్టేశాను కూడా.

ఆయన జారవిడవలేదు. ఆయన్ని తీసుకెళ్లడానికి వచ్చిన విమానం దగ్గర కట్ట విప్పి, ఆ మొక్క ఉన్న పేపరు తీసి, పెన్ను పట్టుకున్నాడు.

"ఆ చోటుని మీరేమంటారు?"

"ఎందుకు?" అన్నాను.

"చోటు పేరు లేకపోతే ఇది ఎండుగడ్డే ఎల్మైరా. ఎక్కడినుంచో తెచ్చానంటారు. మ్యాపులో అక్కడ ఏమీ రాసి లేదు. పేరు ఉండాలి, ఆ పేరుతో మీ ఊరివాళ్లు సాక్ష్యం చెప్పాలి."

ఇదా వేసవంతా ఈయన పన్నిన పన్నాగం? ఈ పేరు కోసమేనా? అమ్మ వైపు చూశాను. ఆవిడ చలికోటు టోపీ ముందుకు లాక్కుని, తల ఊపింది.

చెప్పాను. ఆయన తప్పుగా పలికాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ తప్పు. మూడోసారికి సరిగ్గా వచ్చింది. ఆ పేరు బయటివాడి నోట వింటే నాకు ఏడుపొచ్చేసింది, సిగ్గు లేకుండా ఏడ్చాను.

విమానం వెళ్లాక అమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఇన్ని తరాలు దాచిన పేరు! ఆయన చేతిలో పెట్టేశాం!"

"మరి వాలు ఊరికే మిగులుతుందా? మనమూ ఏదో ఒకటి పెట్టాలిగా" అంది అమ్మ.

మరుసటి వేసవికి రోడ్డు గుర్తుకి నాటిన నారింజరంగు రిబ్బన్ల కర్రలు మా వాలు మీంచి లేచిపోయి కొండకి అటువైపు దిగాయి. ట్రాస్క్ నుంచి కబురు లేదు. ఆయనకి పని దొరికిందో లేదో తెలియదు. ఒకరోజు విమానం దిగి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు, వీపుల మీద చెక్కల కట్టలు. నా పడవ దగ్గరికొచ్చి, ఆ చోటుకి తీసుకెళ్లమన్నారు. పేరు పెట్టి అడిగారు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

నేను తుపాకీ వైపు చూశాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఎండుచేప తీసుకురా. ముందు వీళ్లకి ఎలుక సంగతి చెప్పాలి."